సింహాద్రన్నయ్య చెవి, నా పలక

“మిషనే విని, మిషనే రాసేస్తుంటే మధ్యన నువ్వెందుకే?” అన్నాడు మావోడు.

“మిషను రాసింది తప్పో ఒప్పో ఎవరో ఒకరు చూడాల కదా నాన్నా.”

“చూడ్డానికి నీకు…” అని నాలిక కరుచుకున్నాడు.

“అనేయ్ నాన్నా. ఆగిపోతే నాకు తెలీదనుకున్నావేటి? కళ్ళు లేవు. చెవులు రెండున్నాయి. ఈ పనిలో చూడ్డం అంటే వినడమే.”

“నోరు కూడా ఉంది. అదీ కలుపుకో.”

“అది మామ్మ పోలిక.”

గోడవార కూర్చుని చింతపండులో గింజలు తీసుకుంటున్న నన్ను, నా మనవరాలు సంధ్య ఇలా అక్కర్లేని దెబ్బలాటలోకి లాగింది. మావోడంటే నా కొడుకు రమణ. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. సంధ్య వాడికి ఒక్కతే కూతురు. పుట్టుకతోనే చూపు లేదు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంది, డిగ్రీ అయింది, ఆపైన ఏడాదిపాటు ఇంకో విద్య నేర్చుకుంది. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. ఆ పేరు నా నోట సరిగ్గా తిరగడానికి ఒక వేసవికాలం పట్టింది గానీ పని మాత్రం చెప్పగానే అర్థమైంది. పెద్ద ఆస్పత్రుల్లో డాక్టరు రోగిని చూశాక రాసుకునే తీరిక లేక, ఏం చూశాడో ఏం మందియ్యాలో గబగబా మాట్లాడి రికార్డు చేసి వదిలేస్తాడు. ఆ మాట విని ఎవరో ఒకరు శుభ్రంగా రాతలో పెట్టాలి. సంధ్య చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుంటుంది. కాలికింద కుట్టుమిషను పెడలు లాంటిది ఒకటి ఉంటుంది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు, ఇంకోవైపు నొక్కితే వెనక్కెళ్ళి మళ్ళీ చెబుతాడు. డాక్టర్లని అలా కాలితో నడిపించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. తను కొట్టిన అక్షరాలని కంప్యూటరే పైకి చదివి తనకి వినిపిస్తుంది. గదిలో లైటు వెయ్యక్కర్లేదు. ఈ కాలపు ఉద్యోగాలన్నిటిలోకీ కరెంటు విషయంలో నాకు నచ్చినది ఇదొక్కటే.

తగువు ఎక్కడొచ్చిందంటే, మర్నాడు పొద్దున్న పదింటికి ఒక కంపెనీవాళ్ళు సంధ్యకి పరీక్ష పెడతామన్నారు, ఇంట్లోంచే రాయొచ్చన్నారు. మర్నాడు రెండో శనివారం, రమణకి సెలవు. వాడేమో ఆరింటి బస్సుకి కూతుర్ని విశాఖపట్నం తీసుకెళ్ళి బ్యాంకు పరీక్షల కోచింగులో చేర్పించాలని నెల్లాళ్ళుగా పట్టుబట్టి కూర్చున్నాడు. చేరడానికి మర్నాడే ఆఖరు. బస్సెక్కితే పరీక్ష లేదు, పరీక్ష రాస్తే బస్సు లేదు.

“ఏమే, ఈ పని ఎన్నాళ్ళుంటాదే?” అని అడిగాను. నా అలవాటది. చీరైనా చీపురైనా ముందు ఎన్నాళ్ళుంటుందో అడుగుతాను.

“నాకూ తెలీదు మామ్మా. నాన్న చెప్పేది అబద్ధం కాదు. మొదటినించీ కొట్టే పని తగ్గిపోతంది. ఇప్పుడు ముందు మిషనే రాసేస్తాది. కానీ డాక్టరు దగ్గుతా చెప్పాడనుకో, ఫ్యాను కింద కూర్చుని చెప్పాడనుకో, అది ఏదో ఒకటి రాసి పడేస్తాది. మేం మళ్ళీ విని దిద్దాల. రేపు పరీక్ష ఆ దిద్దే పనికే.”

“దిద్దడం కూడా మిషను నేర్చుకుంటాది,” అన్నాడు రమణ.

“అప్పుడు నేను ఇంకోటి నేర్చుకుంటాను. బ్యాంకులో మిషన్లు లేవేటి? డబ్బులు ఇచ్చీదీ మిషనే, పుచ్చుకునీదీ మిషనే.”

వంటింట్లోంచి మా కోడలు, “ఇద్దరూ బేగి నాలుగు ముద్దలు తినేసి అప్పుడు కొట్టుకోండి. గిన్నెలు కడుక్కోవాల,” అంది.

నాకు నవ్వాగలేదు. నేను నవ్వడం ఈ ఇంట్లో రోజూ జరిగే పని కాదు. తండ్రీకూతుళ్ళిద్దరూ నావైపు తిరిగారు. “ఈ పని మనింట్లో కొత్తదేం కాదురా,” అన్నాను. “మీ సింహాద్రి మావయ్య చేశాడు. నేనూ చేశాను.”

మా నాన్నది బలిఘట్టం వెళ్ళే దారిలో పెంకుటిల్లు. ఖాళీగా ఏది కనిపించినా మా నాన్నకి ఒళ్ళు మండేది. ఖాళీ కుండ కనిపిస్తే అందులో ఏదో ఒకటి పోసేవాడు. వీధిగది ఖాళీగా ఉందని పాయకరావుపేట నించి వచ్చిన ఒక డాక్టరుగారికి అద్దెకిచ్చాడు. గోడ కట్టిస్తే దండగని మధ్యన వెదురు తడిక నిలబెట్టాడు. అందుచేత మా ఇల్లు ముందువైపు స్పిరిటు వాసన, వెనకవైపు పేడ వాసన, బెల్లాల రోజుల్లో మధ్యన కొత్త బెల్లం వాసన వేసేది. మా అమ్మకి మందుల వాసనంటే గిట్టదు. మజ్జిగ చిలికేటప్పుడు తడిక మీద తడిపిన దుప్పటి కప్పేది, మజ్జిగలోకి జ్వరాలు వచ్చేస్తాయని. మజ్జిగ అయ్యాక ఆ దుప్పటే పిండి పెరట్లో ఆరేసేది. మర్నాడు మళ్ళీ అదే. మా ఇంట్లో దేనికీ ఒకే ఒక్క ఉపయోగం ఉండకూడదు.

ఆ తడిక పక్కనే మా అన్నయ్య సింహాద్రి కూర్చునేవాడు. పసితనంలో అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. నాకంటే ఆరేళ్ళు పెద్ద. గోగునార కాలి బొటనవేలికి తగిలించి పొద్దస్తమానం తాళ్ళు పేనేవాడు. చేతులకి పని, చెవులకి ఖాళీ. ఆ ఖాళీలోకి డాక్టరుగారు వచ్చి పడ్డారు. ఎవరికి ఎన్నాళ్ళ జ్వరం, ఎవరి కోడలికి నెల తప్పింది, ఎవరి దగ్గు పొడిది, ఎవరిది తడిది, అంతా అన్నయ్య నోటి చివర ఉండేది. రాత్రి అన్నాల దగ్గర డాక్టరుగారి గొంతుతో, “నాలిక చాపండి, ఇంకా చాపండి, చాలు, లోపల పెట్టుకోండి,” అని అంటే మా నాన్న కూడా ముద్ద మింగలేక నవ్వేవాడు. మా అమ్మ మాత్రం, “ఒకళ్ళ రోగాలు నవ్వులాటేటిరా, కళ్ళు పోతాయి,” అని, తరవాత ఎవరితో అందో గుర్తొచ్చి పులుసు గిన్నెలో గరిటె గట్టిగా తిప్పేది. దానికి అన్నయ్య ఇంకా నవ్వేవాడు.

డాక్టరుగారు పొద్దున్నే సైకిలు మీద పల్లెలు తిరిగి, ఎండెక్కాక వచ్చేవారు. చేతులు కడుక్కుంటూనే, ఎవరికి ఏ మందు కలపాలో కంపౌండరుకి వరసగా చెప్పేసేవారు. రాయడం ఆయనకి బద్ధకం. ఆ కంపౌండరుది రావికమతం ఊరు, ముసలాయన, ముక్కుపొడుం మనిషి. ఆయనకి చెవుడు. చెవుడని ఒప్పుకోరు. వినపడనప్పుడు “చిత్తం” అని తలాడించి గులాబీరంగు మిక్చరు పోసేవారు. ఆ మందు ఎవరికీ హాని చెయ్యదు, తియ్యగా కూడా ఉంటుంది. కొన్నాళ్ళకి ఊరంతా గులాబీరంగు మందే తాగుతోందని డాక్టరుగారికి అనుమానమొచ్చింది.

అన్నయ్య ఊరుకోలేక తడిక ఇవతల్నించి ఆ మాటలే మళ్ళీ గట్టిగా అరిచి చెప్పడం మొదలెట్టాడు. అతని గొంతు అలాంటిలాంటిది కాదు, పొలంలో ఉన్న మా నాన్నని ఇంట్లోంచి పిలిచే గొంతు. కంపౌండరుగారికి బాగా వినపడింది. వీధికీ బాగా వినపడింది. “సావిత్రమ్మగారికి గజ్జి మందు, ఒళ్ళంతా రాయాల,” అని అన్నయ్య అరిచిన పూట, సావిత్రమ్మగారు మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పట్టుచీర కట్టే మనిషి, పేరంటాలకి ముందు ఆవిడ్నే పిలిచేవారు.

“నా ఒళ్ళు సంగతి నీకేటిరా?” అంది.

“నాకేటి తెలుస్తాదండి, నానేటి సూశానా?” అన్నాడు అన్నయ్య తాడు పేనుకుంటూ.

దానికావిడ తిట్టడం మానేసి మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వుకి భుజాలు కదలడం నేను చూశాను. కానీ డాక్టరుగారు మాత్రం ఇది కుదరదన్నారు. “రోగం గుట్టుగా ఉండాలి సింహాద్రీ. అరవకు. ఎవరిచేతనైనా రాయించి ఇయ్యి,” అన్నారు.

రాయించడానికి ఇంట్లో నేనున్నాను. మూడో తరగతి చదువుతుండగా మా అమ్మకి మళ్ళీ కానుపొచ్చి, చంటిపిల్లని ఎత్తుకోవడానికి నన్ను బడి మాన్పించారు. పలక మాత్రం అటక మీద ఉంది, మా ఇంట్లో ఏదీ పారెయ్యరు కదా. అది దించి, దొండాకు పసరుతో రుద్ది, నల్లగా నిగనిగలాడేలా చేశాను. ఇప్పటికీ దొండపాదు పక్కన నిలబడితే ఆ ఆకు వాసనకి నాకు కాళ్ళు నిలవవు, బడికెళ్తున్నట్టుంటుంది. చంకలో చంటిది, ఒళ్ళో పలక. డాక్టరుగారు అవతల చెబుతారు, అన్నయ్య మెల్లిగా నాకు చెబుతాడు, నేను రాస్తాను, తడిక కిందనించి పలక అవతలికి తోస్తాను, కంపౌండరుగారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివి మందు కలుపుతారు. రాయనని భీష్మించిన మనిషి ఒకరు, చూపు లేని వాడొకడు, వినపడని ఆయన ఒకరు, చదువు ఆగిపోయినది ఒకతె. నలుగురం కలిస్తే ఒక పూర్తి మనిషి పని జరిగేది. నాకైతే ఆ రోజుల్లో నేల మీద కాళ్ళు ఆనేవి కావు. సీసాకి ఒక పక్క గాట్లు కత్తిరించిన కాగితం అంటించేవారు, గాటుకి ఒక పూట మందు. అన్నయ్య ఆ గాట్లని బొటనవేలితో తడిమి, “ఇది మూడు రోజులది,” అనేవాడు. సీసా మీద అతను చదవగలిగిన రాత అదొక్కటే. ఎన్నిసార్లు చదివినా అతనికి తనివి తీరేది కాదు.

తప్పు కూడా జరిగింది. మా వైపు సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని కొంప ఉండదు. ఒక్క మా వీధిలోనే ఇద్దరు అప్పలనాయుళ్ళు. ఒకాయన బక్క అప్పలనాయుడు, గాలొస్తే గుంజ పట్టుకునే రకం. రెండో ఆయన తవ్వ అప్పలనాయుడు. ఆయన రోజూ పొద్దున్న తన చేత్తో తవ్వతో బియ్యం కొలిచిచ్చి, గాదెకి తాళమేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాడు. పొదుపు నాకూ తెలుసు గానీ, అది పొదుపు కాదు, పీనాసితనం. బక్కాయనకి ఆకలి పుట్టే మందు, తవ్వాయనకి తేన్పులు తగ్గే మందు కలపమని డాక్టరుగారు చెప్పారు. ఇద్దరిదీ ఒకటే పేరు, మందులు తీసుకోడానికి వచ్చేది వాళ్ళ ఆడవాళ్ళు. ఆ రోజుల్లో పెళ్ళయిన ఆడది మొగుడి పేరు నోట పలకదు. “మా ఇంటాయన మందు ఇయ్యండి” అంటుంది. ఏ ఇంటాయనో ఆవిడ చెప్పదు, కంపౌండరుగారికి ఎలాగూ వినపడదు. గొంతు బట్టి ఎవరిల్లాలో అన్నయ్య పోల్చి చెబితే నేను పలక మీద రాసేదాన్ని. ఆ రోజు తవ్వాయన భార్యకి పిప్పిపన్ను వాచి బుగ్గ పొంగి ఉంది. దాంతో మారిన గొంతు విని పొరబడి అన్నయ్య, “బక్కాయన ఇల్లాలు,” అన్నాడు. నేనలాగే రాశాను. ఆకలి మందు తవ్వ అప్పలనాయుడి కడుపులోకి వెళ్ళింది.

వారం తిరక్కుండా ఆవిడ ఖాళీ సీసాతో మళ్ళీ వచ్చింది. బుగ్గ తగ్గింది, మొహం వెలిగిపోతోంది. డాక్టరుగారు గదిలోనే ఉన్నారు. “తేన్పులు తగ్గాయా అమ్మా?” అని అడిగారు.

“తేన్పుల సంగతి నాకు తెల్దు బాబూ. పొద్దున్న ఓపాలి, మజ్జానం ఓపాలి గాదె తాళం తీస్తన్నాడు. తవ్వ మూలనడేశాడు, పెద్ద కుంచం తీశాడు. పెద్ద డేకిసా దించి పొయ్యి మీదెట్టాను. పిల్లగుంటలు కూడా కడుపునిండా తింటన్నారు. ఆ మందే ఇయ్యండి బాబూ, మార్సకండి.”

డాక్టరుగారు నవ్వి నవ్వి గోడ పట్టుకున్నారు. తడిక ఇవతల అన్నయ్య గోగునార నోట్లో కుక్కుకుని దొర్లాడు. చంటిది ఏడ్చింది. బక్కాయన పెళ్ళాం సాయంత్రం వచ్చి, “మా ఇంటాయనకి ఆకలి లేదు గానీ ఈ మందు తాగినకాణ్ణించి ఒక్క తేన్పూ లేదు,” అని చెప్పి ఇంకోసారి అందరినీ పడగొట్టింది. నవ్వులయ్యాక డాక్టరుగారు ఒక పద్ధతి పెట్టారు. మందు సీసాలో పడేముందు నేను పలక మీదిది పైకి చదవాలి, అన్నయ్య వినాలి, డాక్టరుగారు “ఊఁ” అనాలి. ఆ “ఊఁ” పడితేగానీ కంపౌండరుగారు చెయ్యి కదపకూడదు. చెవి ఒకసారి పొరపడుతుంది, చెయ్యీ పొరపడుతుంది, మళ్ళీ వినేవాళ్ళు ఒకరుంటే చాలన్నారు.

ఇంతవరకూ చెప్పేసరికి సంధ్య నవ్వలేక పొట్ట పట్టుకుని నా ఒళ్ళో చింతపండు మీద పడింది. రమణ కూడా నవ్వాడు. “మావయ్య నాకు ఉయ్యాల తాడు పేనిచ్చాడు. ఎప్పుడూ నవ్వుతానే ఉండీవోడు కదమ్మా. ఆయనకేటి లోటు?” అన్నాడు.

లోటు ఏటంటే అది నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారు మూడేళ్ళకి సొంత డాబా కట్టుకుని ఊరి నడుమకి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మా నాన్నతో, “సింహాద్రిని చూపులేని పిల్లల బడిలో వేద్దాం, వేళ్ళతో చదవడం నేర్పుతారు, తరవాత నా దగ్గరే పని,” అన్నారు. మా నాన్న చెడ్డవాడు కాదు. “కళ్ళు లేనోడికి ఉజ్జోగమేటండీ, నా ఇంట్లో ముద్ద లేదేటి?” అన్నాడు. ముద్ద ఉంది. దానికెప్పుడూ లోటు రాలేదు. ఖాళీ గదంటే నాన్నకి పడదు కనక వీధిగదిలో ధాన్యం బస్తాలు వేశాడు. అన్నయ్య తాళ్ళు పేనాడు, నవ్వాడు, పెళ్ళిళ్ళలో అందరి గొంతులూ అనుకరించి అందర్నీ నవ్వించాడు. కానీ ఎండెక్కి, సైకిళ్ళు ఇంటికి తిరిగొచ్చే వేళకి చేతిలో తాడు ఆపి తడికవైపు తల వంచేవాడు. అవతల ధాన్యం బస్తాలే. ఆ తల అలా వంచే ఉంచేవాడు కాసేపు. తల నెరిసేదాకా అదే అలవాటు.

“ఇప్పుడు పిల్లకి చదువుంది, చదివి వినిపించే యంత్రముంది, పిలిచిన కంపెనీ ఉంది,” అన్నాను రమణతో. “అది పదేళ్ళుంటాదో రెండేళ్ళుంటాదో నాకు తెల్దు. చెరుకు వేసినోడికి మాత్రం తెలుసేటి, ఆ ఏడు రేటుంటాదో లేదో. వెయ్యడం మానీలేదు కదా ఎవుడూ.”

రమణ కంచం ముందుకి లాక్కున్నాడు. తిని లేస్తూ, “బస్సు ఆరింటికి,” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీలేదు. సంధ్య మొహంలో నవ్వు పోయింది. మా కోడలు గిన్నెలు కడుక్కుంది.

మర్నాడు ఆరింటి బస్సు వెళ్ళిపోయింది. ఆ సమయానికి రమణ పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు, తొందరేమీ లేకుండా. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వీధిలో గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదింటికి సంధ్య గది తలుపేసుకుంది. పాత సామాన్లు కొనేవాడి మైకు వీధి మొదట్లో వినపడగానే రమణ లేచి వెళ్ళి ఆపించాడు. ఎదురింటి మిక్సీ ఆపించాడు. పక్కింటి కుర్రాడు బండిని నెట్టుకుంటూ వీధి చివరిదాకా తీసుకెళ్ళి స్టార్టు చేసుకున్నాడు. తరవాత చేపల ఆవిడ వచ్చింది.

“అరవకమ్మా, లోపల పరీక్ష జరుగుతంది,” అన్నాడు రమణ.

“అరవకపోతే నా సేపలెవులు కొంటారు బాబూ? మీరు కొంటారా?”

రమణ గంపలో ఉన్న చేపలన్నీ కొనేశాడు. బేరం కూడా ఆడలేదు, మాట్లాడితే చప్పుడవుతుందని. నేను గుమ్మంలోంచి పెద్ద గిన్నె అందించాను. పదకొండున్నరకి సంధ్య తలుపు తీసింది. పాసయ్యాననీ, సోమవారం నించి పనిలోకి రమ్మన్నారనీ, మూడు నెలలు చూసి అప్పుడు ఖాయం చేస్తామన్నారనీ చెప్పింది. మా ఇంట్లో శనివారం నీచు వండరు. ఆ శనివారం వండాం.